రొమానె-కోంతి సీసా ధరలో ఏముంది?

2018 అక్టోబరులో న్యూయార్క్‌లోని సోథెబీస్ వేలంలో 1945 పంటకు చెందిన రొమానె-కోంతి అనే ఫ్రెంచి ఎర్ర వైన్ సీసా ఒకటి 5,58,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటి మారకపు రేటులో నాలుగు కోట్ల రూపాయల పైమాటే. ముప్పావు లీటరు వైన్‌కు వేలంలో అంతకుముందు ఎన్నడూ అంత ధర పలకలేదు. నిర్వాహకులు ముందుగా వేసుకున్న అంచనా 32,000 డాలర్లు. పాట దానికి పదిహేడు రెట్లు దాటింది. కాసేపటికే అదే పంటకు చెందిన రెండో సీసాకు 4,96,000 డాలర్లు వచ్చాయి.

రుచిని బట్టి ఈ ధరను లెక్కగట్టడం కుదరదు. 1945లో ఆ తోట నుంచి వచ్చినవి సుమారు 600 సీసాలు. డెబ్బై మూడేళ్లలో వాటిలో చాలా భాగం ఎవరో ఒకరు తాగేసి ఉంటారు. పాటలో చెయ్యెత్తేవాళ్లకు ఆ వైన్ నాలుక మీద ఎలా ఉంటుందో తెలిసే అవకాశం దాదాపు లేదు. వాళ్లు డబ్బు పెట్టేది ఆ సీసా చరిత్రకు. ఆ చరిత్రలో పెద్ద వాటా ఒక చిన్న భూమి చెక్కది. ఆ చెక్క శతాబ్దాలుగా పంపకాలకు చిక్కకుండా ఎలా నిలిచిందో చూస్తే ధర సంగతి చాలావరకు బోధపడుతుంది.

నాలుగున్నర ఎకరాలు

ఫ్రాన్స్ తూర్పు భాగంలో, దిజోన్ నగరానికి దక్షిణంగా, ఒక సన్నని కొండవాలు బారుగా సాగుతుంది. బర్గండి ప్రాంతంలో పేరుమోసిన ఎర్ర వైన్లలో చాలావాటికి ద్రాక్ష ఆ వాలు మీదే పండుతుంది. అక్కడి వోన్-రొమానె అనే చిన్న గ్రామాన్ని ఆనుకుని, తూర్పు ముఖంగా రొమానె-కోంతి తోట ఉంది. విస్తీర్ణం 1.81 హెక్టార్లు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. పొట్టి రాతిగోడ, ఒక రాతి శిలువ, సందర్శకులు దారి మీదే ఉండాలని, తోటలోకి అడుగుపెట్టవద్దని కోరే చిన్న పలక. చూడడానికి అంతకుమించి ఏమీ ఉండదు. దానికి పైన రెండెకరాల లా రొమానె, ఉత్తరాన రిష్‌బూర్, కింద రొమానె-సెంట్-వివాన్, దక్షిణాన లా గ్రాండ్ ర్యూ, దాన్ని దాటితే లా టాష్. ఫ్రెంచి చట్టం లెక్కలో ఇవన్నీ అత్యున్నత శ్రేణి తోటలే. ఒకదాని నుంచి మరోదానికి నడిచి వెళ్లడానికి నిమిషాలు చాలు.

ఇక్కడ వేసే ద్రాక్ష పీనో న్వార్ ఒక్కటే. సున్నపురాయి మీద పలచగా పరుచుకున్న బంకమట్టి, నీరు నిలవనివ్వని వాలు, పొద్దుటి ఎండ ఆ రకానికి బాగా సరిపోతాయి. అయితే పక్క తోటలకూ దాదాపు ఇవే లక్షణాలున్నాయి. పై వాలుకన్నా ఇక్కడ మట్టి కాస్త లోతు, కింది వాలుకన్నా కాస్త పలచన. ఈ కాస్త తేడా వైన్‌లో తెలుస్తుందని బర్గండి రైతుల గట్టి నమ్మకం. మధ్యయుగాల్లో ఈ వాలును సాగుచేసిన క్రైస్తవ మఠాల సన్యాసులు మడికి మడికి తేడా గుర్తించి, హద్దులు కట్టి, పేర్లు పెట్టారు. అలా పేరున్న మడులు ఈ వాలు పొడవునా 1,247 ఉన్నాయి. స్థానికులు వాటిని క్లిమా అంటారు. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

హెక్టారుకు ఇరవై అయిదు హెక్టోలీటర్ల (2,500 లీటర్ల) దిగుబడి వచ్చిందనుకుంటే రొమానె-కోంతి ఏడాదికి ఆరు వేల సీసాలు ఇస్తుంది. మంచు కాటేసినా వడగళ్లు పడినా అదీ ఉండదు. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బోర్డోలో ఇంతే పేరున్న లఫీట్ ఎస్టేట్‌కు వంద హెక్టార్లకు పైగా తోట ఉంది. అక్కడ ఏటా తయారయ్యే ప్రధాన వైన్ లక్ష సీసాలు దాటుతుంది. రెండింటికీ ఇంకో తేడా కూడా ఉంది. బోర్డోలో పేరు ఎస్టేటుది. ఎస్టేటు పక్క పొలం కొని తోటలో కలుపుకుంటే, అది అదే గ్రామపు పరిధిలో ఉన్నంతవరకు, ఆ ద్రాక్ష కూడా అదే పేరుతో సీసాకెక్కవచ్చు. బర్గండిలో పేరు నేలది. 1936లో చట్టం రొమానె-కోంతికి హద్దులు ఖాయం చేసింది. గోడ దాటి ఒక్క వరస తీగ నాటినా దాని వైన్‌కు ఆ పేరు చెల్లదు. గిరాకీ ఎంత పెరిగినా సరుకు పెరిగే దారి మూసుకుపోయింది. విలాస వస్తువులు తయారుచేసే సంస్థలు చాలా తమ సరుకును తామే బిగబట్టి కొరత తెస్తాయి. ఇక్కడి కొరత మాత్రం భూమి కొలతలోనే ఉంది.

పంపకాలకు చిక్కని తోట

కొలత చిన్నదైనంత మాత్రాన ఇంత ధర రాదు. పైనున్న లా రొమానె దీనిలో సగం కూడా లేదు, అయినా ఇంత పలకదు. రొమానె-కోంతి పేరుకు బరువు తెచ్చింది దాని యజమానుల వరస.

సెంట్-వివాన్ మఠం చేతిలో ఉన్న ఈ మడి 16వ శతాబ్దం చివర శాశ్వత కౌలు మీద గృహస్థుల చేతికి వచ్చింది. 17వ శతాబ్దంలో క్రోనంబూర్ కుటుంబం కిందికి వచ్చాక రొమానె అనే పేరు స్థిరపడింది. అప్పటికే దీని వైన్ చుట్టుపక్కల తోటల వైన్లకన్నా బాగా ఎక్కువ ధర పలికేది. 1760లో రాజవంశానికి చెందిన లూయీ ఫ్రాన్స్వా ద బూర్బోన్, అంటే కోంతి యువరాజు, దీన్ని కొన్నాడు. పదిహేనో లూయీ ప్రియురాలు మదాం ద పాంపదూర్ కూడా దీనిపై కన్నేసిందని, యువరాజు ఆమెకు దక్కకుండా చేశాడని ఒక కథ చెబుతారు. అది కథగానే మిగిలింది. ఆయన చేసిన అసలు పని ఇంకోటి. వైన్‌ను బజారుకు పంపడం ఆపేసి తన విందులకే ఉంచుకున్నాడు. పేరు అందరికీ తెలుసు, వైన్ ఎవరికీ దొరకదు. ఇప్పటి ధర వెనుక ఉన్న ఆకర్షణకు పునాది అక్కడే పడింది.

ఫ్రెంచి విప్లవం వచ్చాక తోట జాతీయ ఆస్తిగా జప్తయింది. 1794లో దాన్ని వేలం వేశారు. బిరుదులను రద్దుచేసిన ప్రభుత్వమే, మంచి ధర రావడం కోసం, రొమానె పక్కన కోంతి పేరు తగిలించి అమ్మకానికి పెట్టింది. యువరాజు కుటుంబం ఉన్న రోజుల్లో దాన్ని అందరూ ఒట్టి రొమానె అనేవారు.

తర్వాతి గండం నెపోలియన్ చట్టంతో వచ్చింది. 1804 నాటి పౌరస్మృతి ప్రకారం తండ్రి ఆస్తి పిల్లలందరికీ చెందాలి; పెద్దకొడుక్కే అంతా రాసే పాత పద్ధతి పోయింది. న్యాయమైన చట్టమే. కానీ బర్గండి తోటలను అది తరం తరానికీ ముక్కలు చేసింది. సన్యాసులు గోడకట్టి కాపాడిన క్లో ద వూజో తోట యాభై హెక్టార్లు. ఇప్పుడు ఆ గోడ లోపల ఎనభై మంది దాకా యజమానులున్నారు. కొందరికి ఉన్నది నాలుగైదు వరసలే. అన్ని సీసాల మీదా ఒకే పేరు, లోపల మాత్రం ఒకరి వైన్‌కూ మరొకరి వైన్‌కూ పోలిక ఉండదు. ఆ పేరు చూసి కొనేవాడికి తాను కొంటున్నదేమిటో తెలియదు, అందుకే ఆ పేరుకు ఎన్నటికీ అంత ధర రాదు.

రొమానె-కోంతి ఆ గతి తప్పించుకుంది. 1869లో వైన్ వ్యాపారి ద్యువో-బ్లోషె కొన్న ఈ తోట ఆయన వారసుల ద్వారా ద విలేన్ కుటుంబానికి చేరింది. 20వ శతాబ్దం మొదటి సగంలో ఇది చేతినుంచి పెట్టుబడి పెడుతూ నడిపిన తోటే తప్ప లాభాల తోట కాదు. ద విలేన్ల ఇతర ఆదాయం లేకపోతే ఎప్పుడో అమ్ముకోవలసి వచ్చేది. 1942లో ఇంకో శాఖ వారసులు తమ సగాన్ని అమ్మేశారు, వైన్ వ్యాపారి ఆన్రీ లెరువా కొన్నాడు. అమ్మింది భూమిలో సగం అయ్యుంటే గోడ మధ్యలోంచి గట్టు పడేది. కానీ ఆ సంవత్సరమే వాళ్లకున్న తోటలన్నిటినీ ఒక సంస్థ కిందికి తెచ్చారు. రెండు కుటుంబాలకు దక్కినవి సంస్థలో చెరి సగం వాటాలు. పిల్లలకు పంచేది కాగితాన్ని, నేలను తాకరు. వైన్ గురించి రాసేవాళ్లు మట్టి గురించి, పీపాల గురించి పుటలకు పుటలు రాస్తారు. ఈ 1942 ఏర్పాటుకు దక్కేది ఒక వాక్యం. అది లేకపోతే రొమానె-కోంతి కూడా ఈపాటికి మరో క్లో ద వూజో అయ్యుండేది.

ఆ రెండు కుటుంబాల మధ్య గొడవలు లేకపోలేదు. 1974 నుంచి ఓబేర్ ద విలేన్, లాలూ బీజ్-లెరువా కలిసి సంస్థను నడిపారు. వైన్ పంపిణీ విషయంలో తగవు ముదిరి 1992లో ఆమెను పదవి నుంచి తప్పించారు. ఇంత జరిగినా తోటలో గట్టు పడలేదు.

1945 ఎందుకు వేరు

1860లలో అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరిన ఫిలాక్సెరా, పేనుబంకకు దగ్గరి జాతి పురుగు, ద్రాక్ష వేళ్లను పీల్చి ఐరోపా తోటలను ఎండగట్టింది. ఎన్నో ప్రయత్నాలయ్యాక తేలిన మందు ఒక్కటే: ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద ఫ్రెంచి తీగను అంటుకట్టడం. దాదాపు దేశమంతా పాత తీగలు పీకి అంటుమొక్కలు నాటింది. రొమానె-కోంతి యజమానులు ఒప్పుకోలేదు. మట్టిలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కిస్తూ, ఖర్చుకు వెనుదీయక, సొంత వేళ్ల మీది పాత తీగలనే కాపాడుకొచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ మందు దొరకలేదు, పనిచేసే మనుషులూ దొరకలేదు. తీగలు నీరసించాయి. 1945 వసంతంలో మంచు, వడగళ్లు మిగిలినదాన్ని దెబ్బతీశాయి. వేసవి మాత్రం ఎండగా, పొడిగా సాగి, మిగిలిన కొద్ది గెలలు గాఢంగా పండాయి. ఆ పంట కోశాక పాత తీగలన్నిటినీ పెరికేశారు. 1947లో లా టాష్ తోట కొమ్మలతో కట్టిన అంట్లు నాటారు. కొత్త తీగల నుంచి ఈ పేరుతో మొదటి వైన్ 1952లో వచ్చింది. 1946 నుంచి 1951 దాకా రొమానె-కోంతి అనేదే లేదు.

అంటే 1945 సీసాలో ఉన్నది అంటుకట్టని తీగల చివరి కాపు. అంటు తీగల వైన్ రుచిలో నిజంగా తక్కువా అనేది తేల్చడం కష్టం. 1952 తర్వాతి వైన్లకూ గొప్ప పేరే ఉంది. సేకరించేవాళ్లకు ఆ తేడా రుచిలో కనిపించనక్కర్లేదు. మళ్లీ ఎన్నటికీ తయారుకానిది ఒకటి వాళ్ల చేతికి వస్తోంది.

సీసా పడుకున్న చోటు

అయినా పదిహేడు రెట్లు ఎందుకు? 1945 గొప్పదని, 600 సీసాలేనని అంచనా వేసినవాళ్లకు తెలుసు. పాటను అంత దూరం తీసుకెళ్లింది ఆ సీసాలు వచ్చిన ఇల్లు. అవి బోన్ పట్టణపు వైన్ వ్యాపారి రోబేర్ ద్రూఆన్ సొంత నిల్వలోవి. ఆయన తండ్రి మోరీస్ ద్రూఆన్ 1928 నుంచి ఫ్రాన్స్‌లో రొమానె-కోంతి వైన్ల పంపిణీదారు. తోట నుంచి బోన్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరం. అక్కడి చల్లని నేలమాళిగలో దిగిన సీసాలు వేలం దాకా కదల్లేదు. పాత వైన్‌కు వేడి, వెలుతురు, కుదుపులు శత్రువులు. బిరడా ఎండితే గాలి చొరబడి వైన్ పులిసిపోతుంది. చేతులు మారిన ప్రతిసారీ ఈ ప్రమాదాలకు తోడు ఇంకోటి చేరుతుంది: ఇది అసలుదేనా అన్న అనుమానం.

ఆ అనుమానానికి గట్టి కారణమే ఉంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో లాస్ ఏంజిలిస్ పరిసరాల్లో ఉంటూ అమెరికా వేలంశాలలను ఊపేసిన రూడీ కుర్నియవాన్‌కు రొమానె-కోంతి మీది మోజు చూసి డాక్టర్ కోంతి అని పేరు పెట్టారు. 2006లో ఒకే వేలంలో అతని నిల్వ నుంచి వెళ్లిన వైన్ 2.47 కోట్ల డాలర్లు తెచ్చింది. ఖరీదైన విందుల తర్వాత ఖాళీ సీసాలు తనకు పంపించమని రెస్టారెంటును అడిగేవాడు. 2012 మార్చిలో ఎఫ్‌బీఐ అతని ఇంట్లో సోదా చేస్తే అచ్చువేసిన లేబుళ్లు వేలల్లో, బిరడాలు, రబ్బరు ముద్రలు, ఏ వైన్‌లో ఏది కలిపితే ఏ పాత వైన్‌లా అనిపిస్తుందో రాసుకున్న కాగితాలు దొరికాయి.

అతన్ని మొదట పట్టించింది రుచి తెలిసినవాళ్లెవరూ కాదు. 2008లో ఒక వేలం జాబితాలో బర్గండి వైన్ తయారీదారులైన పోన్సో కుటుంబపు క్లో సెంట్-దెని వైన్ 1945 నాటిది కనిపించింది. ఆ కుటుంబం ఆ వైన్ తయారుచేయడం మొదలుపెట్టింది 1980లలో. లోరాన్ పోన్సో బర్గండి నుంచి న్యూయార్క్ వెళ్లి ఆ సీసాలను వేలం నుంచి తీయించాడు. 2013 డిసెంబరులో విచారణ జరిగినప్పుడు పోన్సోతో పాటు ఓబేర్ ద విలేన్ కూడా వచ్చి సాక్ష్యమిచ్చారు. కుర్నియవాన్‌కు పదేళ్ల శిక్ష పడింది. అతను అమ్మిన సీసాలు కొన్ని ఇంకా ఎవరెవరి నేలమాళిగల్లోనో ఉండే అవకాశం ఉంది. అందుకే ఇప్పుడు తెలివైన కొనుగోలుదారు సీసా కన్నా ముందు దాని కాగితాలు చూస్తాడు. ద్రూఆన్ సీసాలకు కాగితం కన్నా బలమైన సాక్ష్యం ఉంది. అవి ఇల్లు దాటలేదు.

ధర తోటకు తిరిగి తగిలితే

కొత్త రొమానె-కోంతి నేరుగా దుకాణంలోకి రాదు. ఒక్కో దేశంలో ఒక్కో దిగుమతిదారుకు వాటా వెళ్తుంది, అక్కడి నుంచి పాత ఖాతాదారులకు, రెస్టారెంట్లకు. చాలాకాలం పన్నెండు సీసాల పెట్టెలో రొమానె-కోంతి ఒక్కటే ఉండేది, మిగతా పదకొండూ ఆ సంస్థకే చెందిన ఇతర తోటలవి. లేబుల్ మీద ఆ ఏడు మొత్తం ఎన్ని సీసాలు తయారయ్యాయో, చేతిలో ఉన్నది ఎన్నోదో అచ్చవుతుంది. సంస్థ అడిగే ధరకూ బయట పలికే ధరకూ పొంతన ఉండదు; ఇటీవలి పంట సీసా బయట సులభంగా ఇరవై వేల డాలర్ల దగ్గర పలుకుతుంది. వాటా దొరికినవాడు తాగకుండా అమ్ముకుంటే ఒక్కరోజులో లాభం. తిరిగి అమ్మవద్దని సంస్థ ఎంత కోరినా, ఈ తేడా ఉన్నంతకాలం అమ్మేవాళ్లుంటారు. తేడా మొత్తం తానే వసూలు చేయవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేస్తే దశాబ్దాలుగా కొని, సీసా తెరిచి తాగే ఖాతాదారులు పోయి, పెట్టుబడి నిధులు మిగులుతాయి. తాగేవాళ్లు లేని వైన్ పేరు ఎంతకాలం నిలుస్తుందన్నది ఏ తోటకైనా భయపడవలసిన ప్రశ్నే. 2022 చివరి నుంచి రెండేళ్ల పాటు బర్గండి వైన్ల ధరలు తగ్గినప్పుడు, షేర్లలా కొని దాచినవాళ్లే ఎక్కువ కంగారుపడ్డారు.

ఈ ధర నేరగాళ్లనూ రప్పించింది. 2010 జనవరిలో తోట పటంతో పాటు ఒక బెదిరింపు ఉత్తరం వచ్చింది. పది లక్షల యూరోలు ఇవ్వకపోతే తీగలకు విషం పెడతామన్నారు. చెప్పడమే కాదు, అప్పటికే తీగల మొదళ్లకు రంధ్రాలు చేసి రెండింటిని చంపారు. డబ్బు పెట్టమన్న శ్మశానం దగ్గర పోలీసులు మాటువేసి పట్టుకున్నారు. ఒక తీగ పోతే ఇంకోటి నాటుకోవచ్చు. అది ఈ పేరుకు తగ్గ ద్రాక్ష కాయడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

ఇంతకన్నా పెద్ద ముప్పు చట్టబద్ధంగానే వస్తోంది. ఇటీవలి సంవత్సరాల్లో ఈ వాలు మీది అత్యున్నత శ్రేణి తోటలు హెక్టారుకు సగటున 70 లక్షల యూరోలకు పైగా పలుకుతున్నాయి. ఫ్రాన్స్‌లో వారసత్వపు పన్ను పిల్లలకు కూడా పై శ్లాబులో 45 శాతం దాకా ఉంటుంది, దాన్ని లెక్కగట్టేది బజారు ధర మీద. రాయితీలున్నా, ఏటా వైన్ అమ్మితే వచ్చే ఆదాయంతో ఆ పన్ను కట్టడం చిన్న కుటుంబాలకు తలకు మించిన పని. 2014లో క్లో దె లాంబ్రే తోట విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్ చేతికి వెళ్లింది. 2017లో క్లో ద తార్‌ను ఫ్రాన్స్వా పీనో కుటుంబపు సంస్థ కొన్నది. క్లో ద తార్ ఏడున్నర హెక్టార్ల తోట. 1141 నుంచి ఒక్కసారి కూడా ముక్కలు కాలేదు, దాదాపు తొమ్మిది శతాబ్దాల్లో దానికి యజమానులు నలుగురే. అంత చరిత్ర ఉండి కూడా 1932 నుంచి దాన్ని కాపాడిన మొమ్మెసాన్ కుటుంబం చివరికి అమ్ముకుంది.

రొమానె-కోంతిలో 2022లో ఓబేర్ ద విలేన్ తప్పుకుని, అదే కుటుంబానికి చెందిన బెర్ట్రాండ్ ద విలేన్ బాధ్యత తీసుకున్నారు. లెరువా వైపు నుంచి లాలూ బీజ్-లెరువా కూతురు పెరీన్ ఫెనాల్ ఉన్నారు. తరం మారిన ప్రతిసారీ వాటాదారుల సంఖ్య పెరుగుతుంది, తోటలో పనిచేసేవాళ్లు మాత్రం ఒకరిద్దరే ఉంటారు. మిగతావాళ్లకు అది దూరాన ఉన్న ఆస్తి, మీద పడే పన్ను. నేలను చీల్చకుండా ఆపడానికి 1942 ఏర్పాటు చాలింది. వాటాను బయటివాళ్లకు అమ్మకుండా ఆపేది మాత్రం వారసుల పట్టుదలే, దానికి ఖరీదు ప్రతి వేలంతోనూ పెరుగుతోంది.